అవ్వ కండ ఎక్కడికి పోతోంది? పళ్లు, నాలుక, జీన్లు

ముందు ఒక చిన్న పని చేద్దాం. చేతిలో ఫోన్ ఉంది కాబట్టి స్టాప్‌వాచ్ కూడా ఉన్నట్టే. ఇంట్లో అవ్వో తాతో ఉంటే పిలవండి. చేతులు ఆనించుకునే కమ్మీలు లేని మామూలు కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయండి. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా కట్టుకోమనండి. లేచి నిటారుగా నిలబడాలి, మళ్లీ కూర్చోవాలి. అట్లా ఆగకుండా ఐదు సార్లు. పడిపోకుండా మీరు పక్కనే నిలబడండి. ఇప్పటికే ఒకసారి పడినవాళ్లతో, కళ్లు తిరిగేవాళ్లతో మాత్రం చేయించొద్దు.

ఎంత పట్టింది? ఆసియా దేశాల డాక్టర్లు కొందరు కలిసి 2019లో ఒక లెక్క పెట్టుకున్నారు. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే ఆ మనిషిని కాస్త పట్టించుకుని చూడాలి. దీనికి స్కానింగ్ అక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

మన కార్వేటినగరంలో స్కందపుష్కరిణి మెట్లు చూశారు కదా. ఒకప్పుడు బిందె చంకన పెట్టుకుని అవి ఎక్కి దిగినవాళ్లు ఇప్పుడు గడప దాటడానికి గోడ పట్టుకుంటారు. అడిగితే ఇంట్లో వచ్చే జవాబు రెండే రకాలు. ఒకటి, 'వయసైపోయింది.' రెండోది, 'మా వంశమే ఇంత, మా నాయనమ్మ కూడా ఇట్లే చిక్కి శల్యమైంది.' ఈ రెండు మాటల్లో నిజం ఎంత, తప్పించుకోవడం ఎంత అనేదే ఈ ఎపిసోడ్.

వయసుతో కండ, దాని బలం తగ్గిపోవడానికి సార్కోపీనియా అని పేరు. గ్రీకు మాట, మాంసం లేమి అని అర్థం. అమెరికాలో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే పోషకాహార శాస్త్రవేత్త 1980ల చివర్లో ఈ పేరు పెట్టాడు. జబ్బుల పట్టికలో దీనికంటూ ఒక కోడ్ అమెరికాలో వచ్చింది 2016లో. అంటే మన అవ్వలకు ఎప్పటినుంచో ఉన్నది డాక్టర్ల కాగితాల మీదికి ఎక్కింది అప్పుడేననుకోండి. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. కండ తగ్గే వేగం కన్నా బలం తగ్గే వేగం ఎక్కువ. అందుకే మనిషి చూడ్డానికి అట్లే ఉంటుంది, కానీ నీళ్ల సీసా మూత తిప్పలేదు. లావుగా ఉన్నవాళ్లకు కూడా ఇది వస్తుంది, పైన కొవ్వు ఉంటుంది కాబట్టి కనపడదు.

ఇంకో చిన్న పరీక్ష. రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి రింగు చేసి, పిక్క దగ్గర లావుగా ఉండేచోట చుట్టమనండి. వేళ్లు కలవకపోతే మంచిదే. కలిసి, ఇంకా లోపల సందు మిగిలితే కండ తగ్గిందని అనుమానించాలి. జపాన్‌లో దీన్ని ఊళ్లల్లో పెద్దవాళ్లకే నేర్పించారు, వాళ్ల కాలు వాళ్లే చూసుకునేట్టు.

ఇప్పుడు నోటి దగ్గరికి వద్దాం. కాళ్ల గురించి మాట్లాడుతూ నోరేంటి అనుకోవద్దు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

జపాన్‌లో కషివా అని ఒక నగరం. అక్కడ 65 దాటిన దాదాపు 2,000 మందిని కొన్నేళ్లు వెంబడించి చూశారు. ఎన్ని పళ్లున్నాయి, ఎంత బాగా నమలగలరు, నాలుకకు ఎంత బలం ఉంది, మాట ఎంత చురుగ్గా పలుకుతుంది, గట్టివి తినడం, మింగడం కష్టమవుతోందా, ఇవీ వాళ్లు చూసిన ఆరు విషయాలు. ఇందులో మూడింట్లో వెనకబడ్డవాళ్లను విడిగా లెక్కేశారు. ఆ గుంపులో ఉన్నవాళ్లకు తర్వాతి ఏళ్లలో కండ క్షీణత వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా రెండింతలు పైనే. ఇంకొకరి మీద ఆధారపడటం, చనిపోవడం కూడా అంతే. ఈ ఫలితం 2018లో అచ్చయింది. నోరు సరిగ్గా పనిచేయని ముసలితనానికి వాళ్లు ఓరల్ ఫ్రెయిల్టీ అని పేరు పెట్టారు. మనం నోటి నీరసం అనుకుందాం.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి జపాన్ దాకా పోనక్కర్లేదు, మన వంటింట్లో కూర్చుంటే చాలు. పైపళ్లు నాలుగు ఊడతాయి. మాంసం ముక్క నమలలేక పక్కన పెడుతుంది. తర్వాత వేయించిన శెనక్కాయలు మానేస్తుంది, తర్వాత గుగ్గిళ్లు. మిగిలేది ఏంటి? మెత్తటివి. ఇడ్లీ, పాలన్నం, చారన్నం, కాఫీలో ముంచిన బన్ను, రాత్రికి సంగటి. కడుపు నిండుతుంది, కాబట్టి 'బాగానే తింటోంది' అంటాం.

లెక్క కట్టి చూద్దాం. మూడు ఇడ్లీల్లో 6 గ్రాముల ప్రోటీన్ అనుకోండి. 100 గ్రాముల బియ్యం అన్నంలో 8. 100 గ్రాముల రాగిపిండి సంగటిలో 7. రోజంతా కాఫీల్లో పోసిన గ్లాసు పాలల్లో 6. చారులో లెక్కపెట్టేంత లేదు. మొత్తం 27. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దవాళ్లకు చెప్పే లెక్క, ఒంటి బరువులో కిలోకి 0.83 గ్రాములు. ముసలివాళ్లకు ఇంకొంచెం ఎక్కువ, కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని వృద్ధుల పోషణ మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణులు 2013లోనే చెప్పారు. అవ్వ 50 కిలోలుంటే 50 నుంచి 60 గ్రాములు. తింటున్నది అందులో సగం.

మరి ఒంటికి ప్రోటీన్ చాలకపోతే ఎక్కడినుంచి తీసుకుంటుంది? దాచిపెట్టిన చోటినుంచి, అంటే కండలోంచి. కండ అంటే తొడ కండ ఒక్కటే కాదు. దవడ కండ ఉంది, గొంతు కండ ఉంది, నాలుక అయితే మొత్తం కండే. తినకపోతే నాలుక బలహీనపడుతుంది, నాలుక బలహీనపడితే ఇంకా తినలేరు. ఏది ముందు, ఏది వెనక అని చెప్పలేనట్టు గుండ్రంగా తిరుగుతుంటుంది ఇది. అందుకే 'పళ్లుపోయాయి కాబట్టి కండ పోయింది' అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లను నేను నమ్మను. రెండు వైపులా నడుస్తుంది.

పొలమారడం తెలుసు కదా. నీళ్లు తాగుతుంటే దగ్గు వస్తే నెత్తిన తట్టి 'ఎవరో తలుచుకుంటున్నారు' అంటాం. ఎప్పుడో ఒకసారి అయితే సరే. అవ్వకి వారంలో నాలుగు సార్లు పొలమారుతుంటే ఎవరూ తలుచుకోవట్లేదండీ, మింగే కండరాలు పట్టు తప్పుతున్నాయి. గుటక వేయడం అనేది పాతిక పైన కండరాలు ఒక్క సెకనులో వరసగా చేసే పని. ఆ వరస తప్పితే నీళ్లు, మెతుకులు ఊపిరితిత్తుల దారిలోకి పోతాయి. దాంతో వచ్చేదే ఒక రకం న్యుమోనియా. ముసలివాళ్లు దానితో పోయినప్పుడు 'జ్వరం వచ్చింది, రెండ్రోజుల్లో పోయింది' అని చెప్పుకుంటాం.

ఇక్కడ సంగటి గురించి ఒక మాట. సంగటిని నమలకూడదు, మింగాలి అని మన పక్క పెద్దవాళ్ల పద్ధతి. పళ్లు లేనివాళ్లకు అది వరమే. కానీ పొలమారడం మొదలైన మనిషి పెద్ద ముద్ద అట్లా మింగితే అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్లకు చిన్న ముద్ద, నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి. పడుకోబెట్టి గ్లాసుతో నీళ్లు పోయడం మాత్రం వద్దు.

నోటి చురుకు చూడ్డానికి జపాన్‌వాళ్లు వాడే పరీక్ష మనకు భలే కుదురుతుంది. ప, త, క. మన వర్ణమాలే! బడిలో చదివాం కదా, 'ప' ఓష్ఠ్యం, పెదాలది. 'త' దంత్యం, నాలుక కొనది. 'క' కంఠ్యం, నాలుక వెనక భాగానిది. మింగేటప్పుడు కూడా ఈ మూడు చోట్లే పని. పెదాలు మూసుకోవాలి, నాలుక కొన ముద్దను ఎత్తాలి, నాలుక వెనక భాగం గొంతులోకి తొయ్యాలి. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి 'పపపపప' అని 5 సెకన్లు వేగంగా చెప్పించండి. తర్వాత 'తతతత', తర్వాత 'కకకక'. నెమ్మదిగా ప్లే చేసి లెక్కపెట్టండి. సెకనుకి 6 కంటే తక్కువ, అంటే 5 సెకన్లలో 30 రాకపోతే, నోటి చురుకు తగ్గిందని వాళ్ల కొలత. అక్షరాలు కలిపితే 'పతక' అవుతుంది. ఇది పరీక్షే కాదు, రోజూ భోజనానికి ముందు చేయిస్తే వ్యాయామం కూడా. అవ్వలకు నవ్వొస్తుంది, రానివ్వండి.

'మా అవ్వ రోజంతా ఆకు వక్క నములుతూనే ఉంటుంది, నోటికి వ్యాయామం కాదా' అంటారు. కాదు. వక్క క్యాన్సర్ తెచ్చే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే చెప్పింది. పైగా బుగ్గలోపల చర్మం బిగుసుకుపోయి నోరు తెరవడమే కష్టమయ్యే జబ్బు దానివల్లే వస్తుంది.

ఇప్పుడు 'మా వంశమే ఇంత' దగ్గరికి వద్దాం. ఇది ఉత్తి మాట కాదు. కవలల మీద చేసిన పరిశోధనల్లో, మనుషుల పిడికిలి పట్టులో ఉండే తేడాల్లో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా వారసత్వానిదేనని తేలింది. ఇది తక్కువేం కాదు.

అయితే ఆ వారసత్వం ఒక జీన్‌లో లేదు. 2021లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధనలో 60 దాటిన 2,56,523 మంది డీఎన్ఏ చూస్తే, పట్టు బలహీనతతో ముడిపడ్డ చోట్లు 15 దొరికాయి. ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది. అందులో కీళ్ల జబ్బులకు సంబంధించినవి కూడా ఉన్నాయి. అంటే చెయ్యి బలహీనంగా ఉండటానికి కారణం కండ కాకుండా వేళ్ల కీళ్ల నొప్పి కూడా కావచ్చన్నమాట. ఆ జనమంతా యూరప్ మూలాలవాళ్లు అని కూడా గుర్తుపెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో జీన్ టెస్టులు అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పే పేరు ఏసీటీఎన్3. వేగంగా పనిచేసే కండ పోగుల్లో ఉండే ఒక ప్రోటీన్‌కి ఇది జీన్. ప్రపంచంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ ప్రోటీన్ అసలు తయారవదు. వాళ్లంతా మామూలుగానే నడుస్తున్నారు, పరిగెత్తుతున్నారు, పిల్లల్ని ఎత్తుకుంటున్నారు. పరుగు పందేల్లో పతకాలు కొట్టేవాళ్లలో మాత్రం అది లేనివాళ్లు అరుదు. ముసలితనంలో ముందు పోయేది ఈ వేగం పోగులే కాబట్టి ఈ జీన్ మీద అనుమానం రావడం సహజం. కానీ ఒక్కో పరిశోధన ఒక్కో మాట చెప్పింది. దానికోసం వేలు ఖర్చుపెట్టి టెస్ట్ చేయించకండి. ఆ డబ్బుతో అవ్వకి నెలల తరబడి గుడ్లు వస్తాయి.

నమలడానికీ జీన్‌కీ సంబంధం ఉన్న ఒక విచిత్రం చెప్తాను. ఎంవైహెచ్16 అని ఒక జీన్. కోతుల దవడ కండల్లో పనిచేస్తుంది. మనుషులందరిలోనూ అది చెడిపోయి ఉంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు 2004లో బయటపెట్టారు. 24 లక్షల ఏళ్ల కిందట చెడిపోయిందని వాళ్ల లెక్క, ఆ తేదీ మీద తర్వాత గొడవ నడిచింది. ఏదేమైనా గొరిల్లా దవడ మనకు లేదు. మన పూర్వీకులు ఆ లోటును రాయితో దంచి, నిప్పుమీద ఉడికించి సరిపెట్టుకున్నారు. రోలు, పొయ్యి అందుకే. పళ్లు పోయిన అవ్వకి చేయాల్సింది కూడా అదే పని. ఆ సంగతి కాసేపట్లో.

నిజంగా ఒకే జీన్ వల్ల, పెద్ద వయసులోనే, కండ, గొంతు రెండూ దెబ్బతినే జబ్బు ఒకటుంది. ఓక్యులోఫారింజియల్ మస్క్యులర్ డిస్ట్రఫీ. నోరు తిరగని పేరే. అరుదైనది. 40, 50 ఏళ్లు దాటాక కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, తర్వాత తొడల బలం తగ్గుతుంది. పీఏబీపీఎన్1 అనే జీన్‌లో ఒక చిన్న ముక్క మామూలు కంటే ఎక్కువసార్లు రాసుకోవడం దీనికి కారణం, 1998లో కనుక్కున్నారు. ఎందుకు చెప్తున్నానంటే, తాతకీ, పెదనాన్నకీ, అత్తకీ ఒకేలా రెప్పలు వాలి మింగడం కష్టమైతే, అప్పుడు 'మా వంశమే ఇంత' అని ఊరుకోకూడదు. తిరుపతి స్విమ్స్ లాంటి చోట నరాల డాక్టరుకు చూపించాలి. వంశం అనే మాట అక్కడ పనికొస్తుంది, ఊరుకోవడానికి కాదు, కనిపెట్టడానికి.

మరి తెలుగువాళ్ల సంగతి? ప్రపంచవ్యాప్తంగా జీనోములు చదివిన వెయ్యి జీనోముల ప్రాజెక్టులో యూకేలో ఉండే తెలుగువాళ్లు వందమంది పైచిలుకు ఉన్నారు. శాస్త్రవేత్తల పట్టికల్లో మనకంటూ మూడక్షరాల కోడ్ ఉంది, ఐటీయూ అని. కండ విషయంలో మనకు సంబంధించిన ముఖ్యమైన మాట ఇంకోచోట ఉంది. దక్షిణాసియా వాళ్లకు ఎత్తుకు తగ్గ కండ మొదటినుంచీ తక్కువ. పాత అస్థిపంజరాలు కొలిచి చూసి, ఇది కనీసం 11,000 ఏళ్లుగా ఉన్నదేనని ఎమ్మా పొమరాయ్ బృందం 2019లో చెప్పింది. కరువుల వల్లో, బ్రిటిష్‌వాళ్ల వల్లో నిన్నమొన్న వచ్చింది కాదన్నమాట. మన మొదలే తక్కువ. తక్కువ మొదలుతో వ్యాపారం చేసేవాడు పొదుపుగా ఉండాలి కదా. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా లాక్కునేది కండే కాబట్టి, ఇంటింటికీ షుగర్ ఉండటానికీ దీనికీ సంబంధం ఉంది.

ఇది విని చేతులెత్తేయకుండా హైదరాబాద్ దగ్గర జరిగిన ఇంకో సంగతి వినండి. 1987 నుంచి 1990 దాకా అక్కడి కొన్ని పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ రోజూ ఉప్మా పెట్టారు, పక్క పల్లెల్లో పెట్టలేదు. పోషకాహార సంస్థవాళ్లు ఆ పిల్లల్ని ఏళ్ల తర్వాత వెతికి పట్టుకున్నారు. వాళ్లకు ఇరవై ఏళ్లొచ్చాక కండ కొలిచారు, పట్టు కొలిచారు. చిన్నప్పుడు ఉప్మా తిన్న ఊళ్లకీ తినని ఊళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఇప్పుడు ఏం తింటున్నారు, ఇప్పుడు ఎంత ఒళ్లు కదిలిస్తున్నారు, వీటితోనే కండ లెక్క ఎక్కువ కలిసింది. ఇది చూస్తున్న పాతికేళ్లవాళ్లకు కూడా ఇది పనికొచ్చే మాటే.

ఒళ్లు కదలకపోతే ఏమవుతుందో కూడా కొలిచారు. సగటున 67 ఏళ్లున్న ఆరోగ్యవంతుల్ని 10 రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ల నుంచి దాదాపు కిలో కండ కరిగిపోయింది. 2007లో వచ్చిన అమెరికా పరిశోధన ఇది. జబ్బేమీ లేదు, ఉత్తగా పడుకున్నందుకే. మనకు పుత్తూరు కూతవేటు దూరం. కాలు జారితే, చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది, తమిళనాడు నుంచి కూడా వస్తారు. ఆ నమ్మకం మీద నాకు తగువు లేదు. కానీ 70 దాటిన మనిషి పడి తుంటి దగ్గర నొప్పి అని కాలు కదపలేకపోతే, ముందు ఎక్స్‌రే, ముందు ఆస్పత్రి. తుంటి విరిగినప్పుడు నెలల తరబడి మంచాన పెడితే ఎముక అతికే లోపల కండ పోతుంది. వీలైనంత తొందరగా లేపి నిలబెట్టే వైద్యమే వాళ్లకు కావాలి.

పోయిన కండ తిరిగి వస్తుందా? బోస్టన్‌లో మరియా ఫియాతరోన్ అనే డాక్టరు 1990లో చూపించింది. 86 నుంచి 96 ఏళ్ల మధ్యవాళ్లు పదిమంది, వృద్ధాశ్రమంలో ఉండేవాళ్లు. తొడలకు బరువులు పెట్టి 8 వారాలు చేయించింది. పూర్తిచేసినవాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. కర్ర పట్టుకుని నడిచేవాళ్లలో ఇద్దరు కర్ర పక్కన పెట్టేశారు. తొంభై ఏళ్లకు కండ మాట వింటుంది. మరి మన అవ్వకి డెబ్బై రెండే కదా!

ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. అవ్వ పళ్లెంలో ఇంకో 30 గ్రాములు ఎట్లా చేర్చాలి? ఉడికించిన గుడ్లు రెండు మెత్తగా చిదిమి పెడితే 12. శెనక్కాయలు గుప్పెడు, 30 గ్రాములు వేయించి ఊరుబిండి మెత్తగా నూరితే 7. పళ్లున్నవాళ్లు బరకగా తింటారు, అవ్వకి ఇంకో రెండు తిప్పులు ఎక్కువ. 30 గ్రాముల కందిపప్పు గట్టిగా ఉడికిస్తే 6. కప్పు పెరుగుతో 5. సంగటిలోకి చారు బదులు ఉలవలు ఉడికించి రుబ్బి పులుసు. ఉలవల్లో నూటికి 22 వంతులు ప్రోటీనే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లయితే మాత్రం డాక్టరును అడిగే పెంచండి.

పళ్ల సెట్టు డబ్బాలో పడి ఉంటే బయటికి తీయండి. వదులైతే, చిగుళ్లు ఒరుసుకుంటే పళ్ల డాక్టరు సరిచేస్తాడు. సెట్టుతో నమిలే బలం సొంత పళ్ల బలంలో నాలుగో వంతో ఐదో వంతో ఉంటుంది, కాబట్టి గట్టివి నమలమని పోరుపెట్టకండి. అయినా సెట్టు లేకుండా ఉండటం కన్నా మేలు.

కుర్చీలోంచి లేవడం రోజూ పది సార్లు, రెండు దఫాలు. మొదట చేతులు ఆనించుకునే లేవనివ్వండి.

చెన్నైలోనో బెంగళూరులోనో ఉండి వీడియో కాల్‌లో మాట్లాడేవాళ్లు 'తిన్నావా అవ్వా' అని అడిగితే 'తిన్నా నాయనా' అనే వస్తుంది. 'ఏం తిన్నావు' అని అడగండి. మాట్లాడుతుండగానే గ్లాసు నీళ్లు తాగమనండి. దగ్గుతుందా, తాగాక గొంతులో గరగర వస్తుందా వినండి. 'పపప, తతత, కకక' చెప్పించి రికార్డ్ చేసుకోండి. నెలకోసారి, అదే రోజున. మూడు నెలలకు మూడు రికార్డింగులు పక్కపక్కన పెట్టి వింటే మీకే తెలిసిపోతుంది.

కుర్చీ పరీక్షలో ఎన్ని సెకన్లొచ్చాయో కింద రాయండి, వయసు కూడా రాయండి. పేర్లు వద్దు. ఉంటాను మరి.